గ్రామసభలో మాట్లాడే హక్కు ఎవరిది? పురపాలక సమావేశంలో పౌరుడి స్థానమేమిటి?

2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ పల్లెల్లో వరుసగా గ్రామసభలు జరిగాయి. రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, కొత్త రేషన్ కార్డులు అనే నాలుగు పథకాల జాబితాలను అధికారులు ఊరి ముందుంచారు. కొన్నిచోట్ల సభ సాఫీగా ముగిసింది. మరికొన్నిచోట్ల తమ పేర్లు ఎందుకు లేవని జనం నిలదీశారు, అక్కడికక్కడే మళ్లీ దరఖాస్తులు ఇచ్చారు. ఆ నాలుగు రోజుల్లో పెద్దగా చర్చకు రాని విషయం ఒకటుంది. అప్పటికి దాదాపు ఏడాదిగా తెలంగాణ గ్రామాల్లో సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల పదవీకాలం ముగిసి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లోకి వెళ్లాయి. సర్పంచ్ లేకపోయినా, వార్డు సభ్యులు లేకపోయినా గ్రామసభ జరిగింది. దానికి పదవీకాలం లేకపోవడమే ఇందుకు కారణం. పంచాయతీ ఐదేళ్లకోసారి మారుతుంది. గ్రామసభ రద్దు కాదు.

ఈ తేడా చాలామందికి తెలియదు. గ్రామసభను ప్రభుత్వం ఏర్పాటు చేసే ఒక కార్యక్రమంగా, తమను ప్రేక్షకులుగా భావించేవారే ఎక్కువ. చట్టం దృష్టిలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం.

సభ్యత్వం ఎలా వస్తుంది?

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ హోదా కల్పించింది. పంచాయతీ పరిధిలోని గ్రామానికి చెందిన ఓటర్ల జాబితాలో పేరున్న వ్యక్తులందరితో కూడిన సంస్థే గ్రామసభ అని 243వ అధికరణంలోని (బి) క్లాజు నిర్వచించింది. అంటే పద్దెనిమిదేళ్లు నిండి, ఆ ఊరి జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. ఇందుకు రుసుము లేదు, దరఖాస్తు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ‘మాకు ఆహ్వానం అందలేదు’ అన్న ఫిర్యాదు గ్రామాల్లో తరచూ వినిపిస్తుంది. శాసనసభ్యుడు శాసనసభలో అడుగుపెట్టడానికి ఎవరి పిలుపు కోసమూ ఎదురుచూడడు. గ్రామసభలో ఓటరు స్థానమూ అలాంటిదే. అయితే సమావేశం ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో ముందుగా తెలియజేయాల్సిన బాధ్యత పంచాయతీదే.

సభ్యత్వం ఓటుతో ముడిపడి ఉన్నందున, సొంతూరును వదిలి పనికోసం వలస వెళ్లినవారు ఒక సంగతి గుర్తించాలి. హైదరాబాద్‌లో ఉంటున్నా ఓటు పాలమూరు పల్లెలో ఉంటే ఆ పల్లె గ్రామసభలోనే సభ్యత్వం ఉంటుంది. ఓటును మరో రాష్ట్రంలోని గ్రామానికి మార్చుకున్న తెలుగువారికి ఆ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. గ్రామసభకు ఏ అధికారాలు ఉండాలో నిర్ణయించే పనిని 243-ఏ అధికరణం రాష్ట్రాల శాసనసభలకే వదిలేసింది. అందువల్ల దేశంలోని రెండున్నర లక్షలకు పైగా గ్రామ పంచాయతీల్లో సభ పేరు ఒకటే అయినా నియమాలు ఒకటి కావు. తమిళనాడులో హోసూరు పరిసర గ్రామాల తెలుగువారు, ఒడిశాలో రాయగడ, గంజాం జిల్లాల తెలుగువారు, మహారాష్ట్రలో సిరొంచ వైపు ఉన్నవారు తమ రాష్ట్ర నిబంధనలను విడిగా తెలుసుకోవాలి. ఒడిశాలోనైతే రెవెన్యూ గ్రామం స్థాయిలో ‘పల్లీసభ’ ఉంటుంది. దాని సిఫార్సులు పైనున్న గ్రామసభకు వెళ్తాయి.

పంచాయతీ సమావేశం వేరు, గ్రామసభ వేరు

సర్పంచ్, వార్డు సభ్యులు కలిసి కూర్చుని తీర్మానాలు చేసేది పంచాయతీ సమావేశం. అందులో మాట్లాడే హక్కు, ఓటు వేసే హక్కు ఎన్నికైనవారికే ఉంటుంది. సాధారణ పౌరుడు వెళ్లినా వినడానికే పరిమితం కావాలి. ఊరంతా కూర్చునేది గ్రామసభ. ఇందులో ప్రశ్నించడం, అభ్యంతరం చెప్పడం, తీర్మానం ప్రతిపాదించడం ఓటర్ల హక్కు. సర్పంచ్ అధ్యక్షత వహిస్తారు, పంచాయతీ కార్యదర్శి రాసుకుంటారు. అధ్యక్షుడికి సభను నడిపే బాధ్యత ఉంటుంది. ఊరికి బదులుగా తానే నిర్ణయించే అధికారం ఉండదు.

మూడో వేదికతో ఏర్పడే గందరగోళం కూడా తక్కువేమీ కాదు. కలెక్టరేట్లలో సోమవారాల్లో జరిగే ‘ప్రజావాణి’, ఆంధ్రప్రదేశ్‌లోని ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ వంటివి అర్జీలు స్వీకరించే కార్యక్రమాలు. అక్కడ పౌరుడు అర్జీదారు. వీధిదీపం వెలగడం లేదని చెప్పుకోవడానికి ఆ వేదిక చాలు. ఆ వీధికి ఈ ఏడాది కాలువ వేయాలా, సిమెంటు రోడ్డు వేయాలా అన్నది తేల్చాల్సిన చోటు మాత్రం గ్రామసభే.

ఎప్పుడు జరుగుతుంది, ఎలా తెలుసుకోవాలి?

జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2. ఈ నాలుగు తేదీలూ దేశంలోని అనేక రాష్ట్రాల్లో గ్రామసభలు జరిగే రోజులు. తమిళనాడు 2022లో వీటికి మార్చి 22న ప్రపంచ జల దినోత్సవం, నవంబర్ 1న స్థానిక పాలన దినోత్సవం జోడించి సంఖ్యను ఆరుకు పెంచింది. కేరళలో వార్డు స్థాయిలోనే గ్రామసభ ఉంటుంది, మూడు నెలలకోసారైనా అది సమావేశం కావాలి. వరుసగా రెండుసార్లు సభను ఏర్పాటు చేయని వార్డు సభ్యుడు పదవినే కోల్పోయే నిబంధన అక్కడుంది. తెలంగాణ 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలంటోంది. మహారాష్ట్రలో ఏడాదికి కనీసం నాలుగు సభలు తప్పనిసరి. ప్రధాన సభకు ముందు మహిళల కోసం ప్రత్యేకంగా సభ జరపాలి.

ప్రత్యేక సందర్భాల్లో ప్రభుత్వాలే రోజు నిర్ణయిస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 ఆగస్టు 23న ఉపాధి హామీ పనుల ఆమోదం కోసం రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు నిర్వహించింది. ఇంత పెద్ద ఎత్తున జరిగినప్పుడు పత్రికలు, టీవీల ద్వారా వార్త ఊరూరా చేరుతుంది. చిక్కల్లా మామూలు రోజుల్లో జరిగే సభలతోనే. దండోరా వేయించాలని, నోటీసు బోర్డులో పెట్టాలని నిబంధనలు చెబుతున్నా, జెండా పండుగ రోజున బడి ఆవరణలో ఉన్న పది మందితో ఫొటో దిగి, తర్వాత ఇంటింటికీ రిజిస్టర్ తిప్పి సంతకాలు తీసుకున్నారన్న ఆరోపణలు వివిధ రాష్ట్రాల నుంచి వస్తూనే ఉన్నాయి. హాజరుకాని సభకు సంతకం పెట్టడం చిన్న మొహమాటంగా కనిపించవచ్చు. ఆ సంతకంతో కోరం పూర్తవుతుంది. కోరం పూర్తయితే తీర్మానం చెల్లుతుంది. ఆ తీర్మానం ఏమిటో సంతకం చేసినవారికి తెలిసి ఉండకపోవచ్చు.

కోరం లెక్క కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కేరళలో ఓటర్లలో పది శాతం మంది ఉండాలి. మహారాష్ట్రలో 15 శాతం లేదా వంద మంది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. అటవీ హక్కుల చట్టం కింద జరిగే సభలకు నియమం మరింత కఠినం: 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగానికి తగ్గకుండా హాజరుకావాలి, వచ్చినవారిలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలి.

నిర్ణీత తేదీ వచ్చేదాకా ఆగాల్సిన అవసరం కూడా అన్ని వేళలా ఉండదు. తగినంత మంది ఓటర్లు లిఖితపూర్వకంగా కోరితే ప్రత్యేక సభ ఏర్పాటు చేయాలని పలు రాష్ట్రాల చట్టాలు చెబుతున్నాయి. కేరళలో పది శాతం మంది ఎజెండాతో సహా రాసిస్తే పదిహేను రోజుల్లో సభ పెట్టాలి. ఊళ్లో ఏదైనా అత్యవసర వివాదం తలెత్తినప్పుడు ఈ మార్గం గురించి ఆలోచించేవారు అరుదు. ధర్నాకు సిద్ధపడేవారే ఎక్కువ.

సభలో ఏం అడగవచ్చు?

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లోని ఆరో సెక్షన్ గ్రామసభ ముందు తప్పక పెట్టాల్సిన అంశాలను పేర్కొంది. గడిచిన ఏడాది జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, పరిపాలన నివేదిక, రాబోయే ఏడాది పనుల కార్యక్రమం, కొత్త పన్నులు లేదా పన్ను పెంపు ప్రతిపాదనలు, పథకాలతో పాటు లబ్ధిదారుల ఎంపిక, పనులు జరగాల్సిన స్థలాల ఎంపిక అందులో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి గురించి అడిగినా ‘ఇది ఇక్కడి విషయం కాదు’ అని తోసిపుచ్చడానికి వీల్లేదు.

డబ్బు సంగతే తీసుకుందాం. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఐదేళ్ల కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు చేయాలంది. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చని చెప్పింది. ఊరికి ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది 2020లో ప్రారంభమైన ‘ఈ-గ్రామ్ స్వరాజ్’ పోర్టల్‌లో పంచాయతీ పేరు ఎంచుకుంటే కనిపిస్తుంది. సభకు వెళ్లే ముందు ఆ వివరాలను సెల్‌ఫోన్‌లో చూసుకున్నవారు అడిగే ప్రశ్నకూ, చూడనివారు అడిగే ప్రశ్నకూ చాలా తేడా ఉంటుంది. ‘మా ఊరికి నిధులు రావడం లేదు’ అనే మాటకు ఎవరైనా ఏదో ఒక సమాధానం చెప్పి తప్పించుకోగలరు. ‘ఫలానా నెలలో బోరు మోటారు మరమ్మతుకు ఇంత ఖర్చు చూపారు, ఆ మోటారు ఏ వీధిదో చెప్పండి’ అన్న ప్రశ్నకు అలా కుదరదు.

అడిగినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. గ్రామసభలో గెలుపోటములు చాలావరకు తీర్మానాల పుస్తకంలోనే తేలుతాయి. గంటసేపు సాగిన వాగ్వాదం అందులో ‘సభ్యులు చర్చించి ఆమోదించారు’ అనే ఒక్క వాక్యంగా మిగిలిపోవచ్చు. అందుకే అనుభవమున్నవారు మూడు పనులు చేస్తారు. చెప్పదలచిన విషయాన్ని ముందే కాగితం మీద రాసి కార్యదర్శికి ఇచ్చి, నకలుపై అందినట్లు సంతకం, తేదీ తీసుకుంటారు. సభ ముగిసేలోపే తీర్మానాన్ని బిగ్గరగా చదివి వినిపించమని కోరతారు. అభ్యంతరం ఉంటే ఆ అభ్యంతరాన్ని కూడా నమోదు చేయమంటారు. సంతకం చేసే ముందు పైన ఖాళీ జాగా ఉందా అని చూసుకోవడం కూడా మంచిదే. పుస్తకంలో ఖాళీగా వదిలిన పేజీలు తర్వాత ఎలా నిండుతాయో చెప్పలేం.

తీర్మానం నకలు ఇవ్వడానికి నిరాకరిస్తే సమాచార హక్కు చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గ్రామస్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. హాజరు రిజిస్టర్ నకలు కూడా అడగవచ్చు. ఆ రోజు ఊళ్లో లేని వ్యక్తి సంతకం అందులో ఉంటే, ఆ కాగితమే బలమైన సాక్ష్యమవుతుంది.

సభల రికార్డును మెరుగుపరచడానికి కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టు 14న ‘సభాసార్’ అనే కృత్రిమ మేధ సాధనాన్ని ప్రారంభించింది. సభ ఆడియో, వీడియో రికార్డింగుల నుంచి అది సమావేశ సారాంశాన్ని తయారు చేస్తుంది. తొలుత త్రిపురలో వినియోగించారు. ఇలాంటి సాధనం మాట్లాడినదాన్ని రాసిపెట్టగలదు. మాట్లాడే మనుషులు సభలో ఉన్నప్పుడే దానికి పని ఉంటుంది.

తీర్మానాన్ని పాటించి తీరాలా?

ఈ ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. మామూలు అభివృద్ధి పనుల విషయంలో గ్రామసభ సూచనలను పంచాయతీ ‘తగిన విధంగా పరిగణనలోకి తీసుకోవాలి’ అనే తీరులోనే చాలా రాష్ట్రాల చట్టాలు ఉన్నాయి. పరిగణనలోకి తీసుకోవడం అంటే అమలు చేయడం కాదు. ఇది చట్టంలోని బలహీనత. దాన్ని దాచిపెట్టి గ్రామసభను సర్వాధికార సంస్థగా వర్ణించే ప్రసంగాలు జనాన్ని తప్పుదోవ పట్టిస్తాయి.

కొన్ని విషయాల్లో మాత్రం గ్రామసభ మాటకు చట్టబద్ధమైన పదును ఉంది. 1996లో వచ్చిన ‘పెసా’ చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా పది రాష్ట్రాల్లోని ఐదో షెడ్యూలు ప్రాంతాలకు వర్తిస్తుంది. దాని కింద ఒక్కో గూడెం, తండా తన సొంత గ్రామసభను కలిగి ఉండవచ్చు. భూసేకరణకు ముందు గ్రామసభతోగానీ, తగిన స్థాయి పంచాయతీతోగానీ సంప్రదించాలి. ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు వాటి సిఫార్సు తప్పనిసరి. 2013 నాటి భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ మరో అడుగు ముందుకేసి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకోవాలంటే ముందస్తు సమ్మతి ఉండాలంది. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం వ్యక్తిగత, సామూహిక హక్కుల దరఖాస్తులపై విచారణ మొదలయ్యేది గ్రామసభలోనే.

ఆ పదును ఎంతటిదో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో దేశం చూసింది. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలకు ఒడిశా మైనింగ్ కార్పొరేషన్, వేదాంత సంస్థ ప్రయత్నించాయి. ఆ కొండ డోంగ్రియా కోంధ్‌ల ఆరాధ్య దైవం నియమరాజు నివాసం. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం, తవ్వకాల వల్ల అక్కడి ప్రజల మతపరమైన, సాంస్కృతిక హక్కులకు భంగం కలుగుతుందా అన్న ప్రశ్నను గ్రామసభలే పరిశీలించాలని ఆదేశించింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు గ్రామాలను ఎంపిక చేశారు. ఆ ఏడాది జూలై 18న సెర్కపాడితో మొదలై ఆగస్టు 19న జరపాతో ముగిసిన సభలకు జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారులు పరిశీలకులుగా హాజరయ్యారు. పన్నెండు గ్రామసభలూ తవ్వకాలను తిరస్కరించాయి. తర్వాతి జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ప్రాజెక్టుకు అటవీ అనుమతిని నిరాకరించింది. చదవడం రాయడం రాని వృద్ధులు తమ కువీ భాషలో చెప్పిన మాటలు అక్కడ అధికారిక రికార్డులోకి ఎక్కాయి. ఓ భారీ ప్రాజెక్టు భవితవ్యం ఆ రికార్డు మీద ఆధారపడింది.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. పరిశ్రమలు, గనుల ప్రతిపాదనలప్పుడు జరిగే పర్యావరణ ‘ప్రజాభిప్రాయ సేకరణ’ గ్రామసభ కాదు. అది 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, దానికి కోరం అక్కర్లేదు. వచ్చిన అభిప్రాయాలను నమోదు చేసి పైకి పంపుతారు. అక్కడ చేతులెత్తి వ్యతిరేకించినంత మాత్రాన ప్రాజెక్టు ఆగదు. రెండింటినీ ఒకటే అనుకుని, అభిప్రాయ సేకరణలో మాట్లాడి వచ్చేసి, అసలు గ్రామసభ తీర్మానం సంగతి పట్టించుకోని గ్రామాలు తర్వాత ఇబ్బంది పడతాయి.

ఎవరి మాట వినిపిస్తుంది?

కాగితం మీద హక్కు అందరికీ సమానం. చెట్టు కింద కుర్చీలు వేసిన చోట అది అలా ఉండదు. ఎవరు కుర్చీలో కూర్చుంటారు, ఎవరు గోడకానుకుని నిలబడతారు అన్నది ఊరి కులం, ఆస్తి నిర్ణయిస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లోని దాదాపు 300 గ్రామసభల్లో జరిగిన సంభాషణలను నమోదు చేసి పరిశోధకులు పరోమితా సన్యాల్, విజయేంద్ర రావు 2019లో ‘ఓరల్ డెమోక్రసీ’ అనే పుస్తకం వెలువరించారు. తమిళనాడు గ్రామసభలపై అదే కాలంలో వెలువడిన మరో అధ్యయనంలో, పురుషుల కంటే మహిళలకు మాట్లాడే అవకాశం, చర్చను తమ అంశం వైపు మళ్లించే అవకాశం, అడిగినదానికి సూటిగా జవాబు పొందే అవకాశం తక్కువని తేలింది. పంచాయతీ అధ్యక్ష పదవి మహిళలకు రిజర్వయిన చోట మాత్రం మహిళల ప్రశ్నలకు స్పందన మెరుగ్గా ఉంది. మన ప్రాంతంలో మహిళా సర్పంచ్ ఉన్న చోట ఆమె పక్క కుర్చీలో భర్త కూర్చుని సమాధానాలు చెప్పే ఆనవాయితీ ఇంకా పోలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటేగానీ రిజర్వేషన్ ఫలితం సభకు అందదు.

ఒంటరిగా లేచి మాట్లాడటం కష్టమైన చోట గుంపుగా వెళ్లడం పనిచేస్తుంది. పొదుపు సంఘాల మహిళలు, ఒక వాడ వారంతా కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేసి ఇచ్చే విన్నపాన్ని పక్కన పెట్టడం అధ్యక్షస్థానంలో ఉన్నవారికి అంత తేలిక కాదు.

సభను అలవాటుగా మార్చుకున్న ఊళ్లూ ఉన్నాయి. మహారాష్ట్రలోని అహల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) జిల్లా హివ్రే బజార్‌లో ఏటా కురిసిన వాన, భూమిలో మిగిలిన నీరు లెక్కగట్టి, ఆ ఏడాది ఏ పంటలు వేయాలో గ్రామసభలో చర్చించుకుంటారు. సాగుకు బోరుబావులు తవ్వకూడదని, నీరు ఎక్కువ తాగే పంటలు వేయకూడదని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. సర్పంచ్ అయిన పోపట్‌రావు పవార్‌కు పద్మశ్రీ దక్కింది గానీ, కరువు నేలలో రైతు చేత చెరకు మానిపించిన బలం గ్రామసభదే. తెలంగాణకు పొరుగునే ఉన్న గడ్చిరోలి జిల్లాలోని గోండు గ్రామం మెంఢా-లేఖా మెజారిటీతో కాకుండా ఏకాభిప్రాయంతోనే నిర్ణయాలు తీసుకుంటుంది. 2009లో అడవిపై సామూహిక హక్కు పత్రం పొందిన తర్వాత, వెదురును తామే కోసి అమ్ముకునే దాకా ఆ ఊరు పట్టు విడవలేదు.

లెక్కలు బయట చదివితే

గ్రామసభకు ఉన్న మరో ఆయుధం సామాజిక తనిఖీ. దీని వెనుక రాజస్థాన్ అనుభవం ఉంది. 1994 డిసెంబర్ 2న పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ‘జన్ సున్వాయి’ నిర్వహించింది. ప్రభుత్వ పనుల బిల్లులు, మస్టర్ రోళ్లు ఊరందరి ముందు చదివారు. కూలి అందుకున్నట్లు రాసి ఉన్నవారే అక్కడ కూర్చుని వింటున్నారు. సమాచార హక్కు ఉద్యమం ఊపందుకున్నది అలాంటి సభలతోనే. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇందులో దేశానికే దారి చూపింది. 2009లో ఈ పనికోసమే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. తనిఖీ బృందాలు ఇంటింటికీ తిరిగి మస్టర్లలోని పేర్లను, అందిన కూలిని సరిపోల్చి గ్రామసభలో చదవడం, ఆపై మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టడం అప్పటి నుంచి తెలుగు పల్లెలకు పరిచితమే. చనిపోయినవారి పేరిట హాజరు పడినట్లు బయటపడేది ఈ చదివింపులోనే.

పట్టణాల్లో పరిస్థితి వేరు

పట్టణానికి వచ్చేసరికి పౌరుడి స్థానం ఒక్కసారిగా తగ్గిపోతుంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణలో గ్రామసభకు సమానమైన సంస్థ ఏదీ లేదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పురపాలక సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతోంది. వాటి కూర్పు రాష్ట్రాల ఇష్టం. చాలా నగరాల్లో ఓటరుగా ఉన్నంత మాత్రాన మాట్లాడే హక్కు దక్కే సమావేశమే లేదు. రెండు వేల మంది ఉన్న పల్లెలో రైతుకు ఉన్న హక్కు, కోటి మంది ఉన్న మహానగరంలో ఇంజనీరుకు లేదు.

కౌన్సిల్ సమావేశాన్ని చూసే హక్కు మాత్రం పాతదే. 1888 నాటి ముంబయి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం, హాజరైన సభ్యుల్లో మెజారిటీ రహస్యంగా జరపాలని నిర్ణయిస్తే తప్ప ప్రతి సమావేశమూ ప్రజలకు తెరిచి ఉండాలంది. దేశంలోని అనేక పురపాలక చట్టాలు ఇదే ఒరవడిని అనుసరించాయి. ఆచరణలో సందర్శకుల గ్యాలరీకి పాసు కావాలంటారు, స్థలం లేదంటారు. పురపాలక కార్యదర్శి లేదా కమిషనర్ కార్యాలయానికి ముందే లేఖ రాసి అనుమతి, ఎజెండా ప్రతి కోరడం ఒక మార్గం. గ్యాలరీలో కూర్చున్నవారు మాట్లాడకూడదు. చెప్పాల్సింది తమ కార్పొరేటర్ లేదా కౌన్సిలర్ ద్వారానే చెప్పించాలి. ఎజెండా ఖరారు కాకముందే ఆ లేఖ సభ్యుడి చేతికి అందితేనే ఫలితం ఉంటుంది. సమావేశం రోజు ఉదయం కలిస్తే ‘వచ్చేసారి చూద్దాం’ అన్న మాటే మిగులుతుంది.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు జరగకపోలేదు. 2005 డిసెంబర్‌లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం, నిధులు కావాలంటే వార్డుకు దిగువన ‘ఏరియా సభ’లు ఏర్పాటు చేసే చట్టం తేవాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. చట్టాలు వచ్చాయి, సభలు మాత్రం చాలాచోట్ల కాగితం దాటలేదు. తమిళనాడు 2022లో నిబంధనలు రూపొందించి, ఆ ఏడాది నవంబర్ 1న పట్టణాల్లో ఏరియా సభలు నిర్వహించింది. పుణె నగరపాలక సంస్థ 2006-07 బడ్జెట్ నుంచి తమ ప్రాంతానికి కావాల్సిన చిన్న పనులను పౌరులే సూచించే అవకాశం కల్పించింది. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రతి వార్డులో యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలని నిర్దేశించింది. తమ వార్డులో ఆ కమిటీల్లో ఎవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో పురపాలక కార్యాలయంలో అడిగి తెలుసుకునే హక్కు ప్రతి పట్టణవాసికీ ఉంది. జవాబు రాకపోతే, గ్రామసభ రిజిస్టర్ కోసం పల్లెలో వాడే సమాచార హక్కు దరఖాస్తే ఇక్కడా పనికొస్తుంది. రుసుము మాత్రం 10 రూపాయలు.